‘చెయ్యాలి’ అనకూడని ఉద్యోగం

మా ఆఫీసులో బూతులకి అడ్డులేదు. మార్కెట్టుని తిట్టొచ్చు, వడ్డీరేట్లని తిట్టొచ్చు, పక్కసీటువాడి ఏడు తరాలనీ తిట్టొచ్చు, అడిగేవాడు లేడు. ‘చెయ్యాలి’ అనే మాట మాత్రం నోట్లోంచి రాకూడదు. మీటింగులకి ముందు చేసే ప్రాక్టీసులో ఎవరి నోట వచ్చినా సరే, మర్నాడు పొద్దున డిపార్టుమెంటు మొత్తానికీ డోనట్లు వాళ్ళే తేవాలి. చేరిన కొత్తల్లో నేను తెచ్చినన్ని డోనట్లు ఆ అంతస్తులో ఇంకెవరూ తెచ్చి ఉండరు. నన్ను చూడగానే దుకాణంవాడు పెద్ద అట్టపెట్టె తీసి మడవడం మొదలెట్టేవాడు.

ఎందుకంటారా? మేం ఊళ్ళకి బాండ్లు, అంటే అప్పుపత్రాలు, అమ్మిపెడతాం. బడి కట్టుకోవాలన్నా, నీళ్ళ గొట్టాలు మార్చుకోవాలన్నా ఊరు బాండ్లు రాసిస్తుంది. మేం అవి కొని, డబ్బున్నవాళ్ళకి అమ్మి, మధ్యలో మా కమిషన్ మేం తీసుకుంటాం. అమ్మేవాడు సలహా ఇవ్వకూడదని చట్టం. సలహాదారు వేరే ఉంటాడు, వాడు ఊరి మేలే చూడాలి, వాడు ఆ బాండ్లు అమ్మకూడదు. న్యాయమే కదా, చేపలమ్మేవాణ్ణి పట్టుకుని చేప తాజాగా ఉందా అని అడిగితే ఏం చెబుతాడు? అందుకని మేం ‘ఇలా చెయ్యండి’ అనం. ‘కొన్ని ఊళ్ళు ఇలా చేశాయి’ అంటాం. ‘ఇలా కూడా చెయ్యొచ్చు’ అంటాం. మా చదువులూ తెలివితేటలూ అన్నీ ఆ ‘వచ్చు’లోనే ఉన్నాయి.

నా పేరు టెస్ పెట్కస్. షికాగోలో డ్రిస్కల్ వేన్ అనే కంపెనీలో జూనియర్ని. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అనగానే జనం కంపెనీలు కొనడం, పడవల మీద పార్టీలు అనుకుంటారు. మాదీ అదే అంతస్తు గానీ ఆ వైభోగం మాకు లేదు. కంపెనీలు కొనే టీమువాళ్ళు మమ్మల్ని మురుక్కాలవ బ్యాచ్ అంటారు. మా బ్రోనియా అత్తయితే చర్చిలో కనబడ్డవాళ్ళందరికీ ‘మా టెస్ పెద్ద బ్యాంకరు, మరుగుదొడ్లకి’ అని పరిచయం చేస్తుంది. నవ్వితే నవ్వనీ. నాకీ పనంటే పిచ్చి. ఏ ఊరికి వెళ్ళినా ముందు అక్కడి నీళ్ళ ట్యాంకు చూస్తాను, అది ఏ బాండ్లతో కట్టారా అని ఆరా తీస్తాను. కాలేజీలో ఉన్నప్పుడే ఇది తప్ప ఇంకోటి వద్దనుకున్నాను. అన్ని కంపెనీలూ నా అప్లికేషన్ని చెత్తబుట్టలో పడేస్తే, లైల్ హాన్రహాన్ ఒక్కడు పిలిచి ఉద్యోగం ఇచ్చాడు. ఆయనే మా డిపార్టుమెంటు పెద్ద.

ఆ ఉద్యోగం ఆ మార్చిలో గాలిలో దీపం అయ్యింది. మాలాంటి డిపార్టుమెంట్లు ఒక్కో కంపెనీలో ఒక్కోటి మూతపడుతున్నాయి. మాలో ఉన్న ఇద్దరు జూనియర్లలో ఒకర్నే ఉంచుతారని తెలిసిపోయింది. రెండోవాడు కానర్. వాడికి పైఅంతస్తులో మేనమామ ఉన్నాడు. నాకు బ్రోనియా అత్త ఉంది.

లైల్ దాచలేదు. "హార్లన్ ఫోర్క్ పని మనకొచ్చిందనుకో, నువ్వుంటావు. నేను మాటిస్తున్నా. రాలేదనుకో, నా చేతుల్లో ఏం లేదు టెస్," అన్నాడు.

అప్పట్నించీ నాకు తిండి లేదు, నిద్ర లేదు. గోళ్ళు అయిపోయి వేళ్ళ చివర చర్మం కొరకడం మొదలెట్టాను. అద్దె గుర్తొచ్చేది, చదువు కోసం చేసిన అప్పు గుర్తొచ్చేది. ఈ పని పోతే ఇంకే పనికి పనికొస్తానో నాకే తెలియదన్న సంగతి అన్నిటికంటే ఎక్కువ గుర్తొచ్చేది.

హార్లన్ ఫోర్క్ దక్షిణాన మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న ఊరు. నీళ్ళ ప్లాంటు పాతబడి కుళాయిల్లో టీ డికాషన్ లాంటి నీళ్ళొస్తున్నాయి. కొత్తది కట్టక తప్పదు. దానికి రెండు దారులున్నాయి. ఒకటి స్టేట్ గవర్నమెంటువాళ్ళిచ్చే చవక అప్పు. దానికి ఏడాదిపాటు వరసలో నిలబడాలి, మొదటి ఏడు నుంచే ఇళ్ళ నీళ్ళ బిల్లు కొంచెం పెంచాలి. రెండోది మా బాండ్లు. మొదటి ఐదేళ్ళూ వడ్డీ మాత్రం కడితే చాలు, బిల్లు పైసా పెరగదు. ఆరో ఏడు నుంచి అసలు కూడా కట్టాలి, అప్పుడు బిల్లు రెండింతలవుతుంది. వచ్చే వసంతంలో మేయరుకి ఎన్నికలు. ఆయనకి ఏ దారి నచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో దొంగతనం లేదు. అన్నీ కాగితం మీద ఉన్నాయి, చదివేవాడుంటే. ఆరో ఏటి బిల్లు పన్నెండో పేజీలో ఉంది. ఆ పేజీ తయారుచేసింది నేనే. లైల్ చెప్పినట్టు చేశాను, అంకెలన్నీ సరిచూశాను, ఒక్క తప్పు లేదు. అయినా ఆ పేజీ వచ్చినప్పుడల్లా గబగబా తిప్పేసేదాన్ని.

హార్లన్ ఫోర్క్ కౌన్సిల్ మీటింగు రోజు లైల్ కారులో బయల్దేరాం. దారి పొడుగునా ప్రాక్టీసే.

"మొదటి ఐదేళ్ళూ బిల్లు పెరగదు. ముందు అదే చెప్పు, ఆఖర్న కూడా అదే చెప్పు," అన్నాడు లైల్.

"ఆరో ఏడు సంగతి అడిగితే?"

"పన్నెండో పేజీ చూడండి అను."

"పన్నెండో పేజీ దాకా ఎవరూ రారు లైల్."

"రాకపోతే మనం ఎత్తుకుని తీసుకెళ్ళాలా? పెద్దవాళ్ళు, కళ్ళున్నాయి, చదువుకోనీ."

"స్టేట్ అప్పు సంగతి ఎత్తితే?"

"అలాంటివి కూడా ఉన్నాయి అను. అక్కడితో ఆపు. చూడు పిల్లా, చెయ్యాలి, చెయ్యకూడదు, ఈ రెండూ నోట్లోంచి జారాయో, పెదవి దాటితే పృథివి దాటుతుంది. మీటింగంతా రికార్డు చేస్తారు. ఆ క్షణం నుంచి మనం సలహాదారులం. మూటా ముల్లే సర్దుకుని ఇంటికెళ్ళడమే."

ఆ తరవాత ఆయన ఈ పని గెలిచాక టేబుల్ మీద పెట్టుకునే గాజుబిళ్ళ సంగతి ఎత్తాడు. మావాళ్ళకి అదో ఆచారం, ప్రతి పనికీ ఓ గాజుబిళ్ళ చేయించుకుంటారు. దీనికి నీళ్ళచుక్క ఆకారంలో చేయిద్దామా, కుళాయి ఆకారంలోనా అని నన్నడిగాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

లైల్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకెంతో సుఖంగా ఉండేది. మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా పని కూడా తనే చేసి, పైవాళ్ళకి నేనే చేశానని చెప్పిన మనిషి. ఊరి మొదట్లో హోటలు దగ్గర కారు ఆపి, రొట్టె కంటే రెండింతలుండే పంది మాంసం సాండ్‌విచ్ నాక్కూడా చెప్పాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకుంటే గొంతు దిగలేదు.

"తినవే, పళ్ళెం వంక ఏం చూస్తావ్? ఉరి తీయడానికి తీసుకెళ్తున్నట్టు ఆ మొహమేంటి?" అన్నాడు.

సిటీ హాలంటే ఫైర్ ఇంజన్ల షెడ్డు వెనక ఓ పొడుగాటి గది. మేం వెళ్ళేసరికి ఊరి ట్రెజరర్ నార్మా ఎగ్గర్ట్ కుర్చీలు సర్దుతోంది. అరవై దాటిన మనిషి. బళ్ళో టైపింగ్ నేర్పి రిటైరై, ఈ పదవికి ఇంకెవరూ నిలబడకపోతే నిలబడి గెలిచింది. జమాఖర్చులు బాగానే చూస్తుంది గానీ బాండ్లు ఆమెకి కొత్త. ఊరికి వేరే సలహాదారుని పెట్టుకుందామని అడిగితే, అనవసరపు ఖర్చని మేయరు కొట్టిపారేశాడట. కౌన్సిలు మాత్రం డబ్బు విషయంలో నార్మా సరేనంటేనే సరేనంటుంది. లైల్ నేరుగా మేయరు దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యేశాడు. నార్మా నన్ను పక్కనున్న చిన్న వంటగదిలోకి లాక్కెళ్ళి, నిమ్మకాయ కేకు ముక్కల పళ్ళెం చేతిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసింది.

"తల్లీ, ఒక్క మాట. నువ్వు పంపిన కాగితాలు చదివా. చదివాననడమే గానీ ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. నువ్వే చెప్పు, ఇది మంచిదేనా?"

"కొన్ని ఊళ్ళు ఇలాంటి పద్ధతి..."

"కొన్ని ఊళ్ళ సంగతి నాకెందుకే? నా ఊరి సంగతి చెప్పు."

"ఇది సాధారణ సమాచారం మాత్రమేనండీ. నేను ఏదీ చెప్పడానికి..."

"దారేదమ్మా అని అడిగితే లోకంలో బోలెడు దార్లున్నాయంటావేంటి? నీకు తెలుసు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇక్కడ ముసలాళ్ళున్నారు, పెన్షన్ మీద బతికేవాళ్ళు. నేను సరేనంటే అందరూ సరేనంటారు. రేపేమన్నా అయితే నన్నే కదా అడుగుతారు?"

ఏం చెప్పను? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. "పన్నెండో పేజీ ఇంకోసారి చూడండి నార్మా గారూ," అని మాత్రం అనగలిగాను. ఆ మాట కూడా ఎక్కువేమో అనిపించి, వంటగది నుంచి బయటపడ్డాను.

మీటింగు మొదలయ్యింది. అందరూ లేచి గుండెల మీద చెయ్యి పెట్టుకుని జెండాకి ప్రమాణం చేశారు. కుక్కల లైసెన్సులు, గుంతలు పడ్డ వీధి అయ్యాక మా వంతు వచ్చింది. లైల్ రెండు జోకులేసి నన్ను ముందుకి తోశాడు. చెప్పాను. ఐదేళ్ళు బిల్లు పెరగదని ముందూ చెప్పాను, ఆఖర్నా చెప్పాను. మేయరు సంతోషంగా తలూపుతున్నాడు. వెనక కుర్చీల్లో పాతికమందో ముప్ఫైమందో ఊరివాళ్ళు కోట్లు విప్పకుండా కూర్చున్నారు. టేబుల్ మీద రికార్డరు ఎర్రదీపం వెలుగుతోంది.

"ఓటు పెడదామా?" అన్నాడు మేయరు.

"ఆగండి. నాకో మాటుంది," అని నార్మా లేచింది. కళ్ళజోడు పెట్టుకుంది. "పన్నెండో పేజీ ఇప్పుడు కూడా చూశా. నాకు అర్థం కాలేదు. ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఈ లెక్క వేసింది ఈ అమ్మాయట, అందుకని అమ్మాయినే అడుగుతున్నా. ఇది మేం చెయ్యాలా?"

లైల్ సగం లేచాడు. "నార్మా, మా అనుభవంలో చాలా ఊళ్ళు..."

"నిన్నడగలేదు నాయనా, కూర్చో."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. లైల్ కూర్చున్నాడు, నవ్వుతూనే కూర్చున్నాడు. నా వంక చూశాడు. ఆ చూపులో బెదిరింపు ఉంటే బాగుండేది. బతిమాలడం ఉంది.

"చెయ్యొచ్చండీ," అన్నాను.

"చెయ్యొచ్చని నాకూ తెలుసు. మా మరిది ఉన్న పొలం అమ్మి మోటారు పడవ కొనొచ్చు. మా ఆయన ఈ వయసులో ఇంకో పెళ్ళి చేసుకోవచ్చు. ఎవరొద్దన్నారు? చెయ్యాలా అని అడుగుతున్నా."

గదంతా గొల్లుమంది. నార్మా మాత్రం నవ్వలేదు. భయంగా చూస్తోంది నా వైపు. నాకు తెలిసిన భయమే అది, కొన్ని వారాలుగా అద్దంలో చూస్తున్న భయమే. వెనక వరసలో ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా జవాబు కోసం వంగాడు. ఆరో ఏడు ఆయనకొచ్చే బిల్లు ఎంతో నాకు తెలుసు. ఆ గదిలో నాకూ లైల్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"వద్దు," అన్నాను. "చెయ్యకూడదు. ఆరో ఏడు మీ బిల్లు రెండింతలవుతుంది. మీరు స్టేట్ అప్పుకి వెళ్ళాలి."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. మేయరు మొహం కందగడ్డయింది. తరవాత అందరూ ఒక్కసారిగా మాట్లాడ్డం మొదలెట్టారు. ఆ గోలలో వచ్చే మంగళవారానికి ఓటు వాయిదా వేశారు. నేను ఎలా బయటికొచ్చానో, కారు ఎలా ఎక్కానో సరిగ్గా గుర్తులేదు.

కారులో లైల్ ఒక్క మాట అరవలేదు. అరిచినా బాగుండేది. చాలా దూరం పోయాక, "నాతో ఒక్క మాట చెప్పుంటే నిన్ను తీసుకొచ్చేవాణ్ణి కాదు కదే," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ముందే అనుకుని చేసింది కాదని చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు.

మర్నాడు పొద్దున్నే పిలుపొచ్చింది. యొలాండా రస్క్ గదికి రమ్మన్నారు. మా కంపెనీలో రూల్సు చూసే లాయరు ఆవిడ. ఆవిడ గదిలోకి వెళ్ళి ఉద్యోగంతో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. లైల్ అప్పటికే అక్కడున్నాడు. గడ్డం గీసుకోలేదు.

"రికార్డింగు విన్నాను," అంది యొలాండా. "మీరన్నది సలహాయే అయితే మన కంపెనీ ఊరికి సలహాదారు అయినట్టు. ఆ బాండ్లు మనం అమ్మడానికి లేదు. మీ ఉద్యోగమూ ఉండదు. ఈ రెండూ మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఇంకో దారి ఉంది," అన్నాడు లైల్. కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "రాత్రంతా దీని మీదే కూర్చున్నాం. సలహా తీసుకోవాల్సింది ఊరు. ఊరి ట్రెజరరే అది సలహా కాదు, మేం అలా అనుకోలేదు, దాన్ని పట్టించుకోవడం లేదు అంటే, అది చిన్నపిల్ల నోరు జారిన మాట అవుతుంది. అంతే. ఒక కాగితం మీద సంతకం పెడుతుంది. పైవాళ్ళతో మాట్లాడాను. ఇప్పుడు నార్మాకి చేసే ఫోను సవ్యంగా జరిగితే నువ్వుంటావు. నా ఉద్యోగం అడ్డం పెట్టి చెప్పొచ్చాను టెస్. నువ్వు నోరు మూసుకుని కూర్చో చాలు."

నిజం చెబుతాను, నాకు బతికొచ్చినట్టయ్యింది. లైల్ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకోవాలనిపించింది. తలూపాను. యొలాండా స్పీకర్ ఫోను నొక్కింది.

నార్మా ఎత్తింది. యొలాండా తనెవరో చెప్పి, రికార్డు కోసం అడుగుతున్నానని చెప్పి, మెత్తగా అడిగింది. "నిన్న మా టెస్ పెట్కస్ మీకు సలహా ఇచ్చారని మీరు అనుకుంటున్నారా?"

నార్మా తెలివితక్కువది కాదు. లాయరు అనగానే, ‘మా టెస్’ అనగానే, నాకేదో మూడిందని పసిగట్టేసింది.

"సలహానా? ఎవరిచ్చారు?" అంది. "ఆ పిల్ల పాపం నిలువునా వణికిపోతోంది. నేనే గదమాయించా. ఏదో గొణిగింది. దాన్ని సలహా అంటారా ఎవరన్నా? ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశా."

లైల్ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. యొలాండా పెన్ను కదిలింది.

"అంటే ఆ మాటని మీరు లెక్కలోకి తీసుకోవడం లేదు."

"లేదు లేదు. ఏం తీసుకోవడం లేదు. బంగారం లాంటి పిల్ల, దాన్నేం అనకండి."

"సంతోషం. అయితే మంగళవారం ఓటుకి మీ వైపునుంచి అభ్యంతరం ఏమీ లేదు కదా?"

నార్మా తడబడింది. ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. "అదీ... అలా అని కాదు..." అంది. మళ్ళీ ఆగింది. నా మీదికి ఏదన్నా వస్తుందేమోనని తూకం వేసుకుంటోందని నాకు ఇక్కడికి వినిపిస్తూనే ఉంది. "సరే, ఆ అమ్మాయి చెప్పింది సలహా కాదన్నాక, నాకు మాత్రం అభ్యంతరం ఎందుకుంటుంది? మీ పెద్దవాళ్ళే బాగా చూసుకునుంటారు. సంతకం పెడతాను, పంపండి."

లైల్ నా భుజం తట్టాడు. అయిపోయింది. ఉద్యోగం నాది. కానర్ కాదు, నేనే ఉంటాను. పెద్ద పెద్ద ఊళ్ళకి నేనే వెళ్తాను. నాకా క్షణంలో సంతోషం రాలేదంటే అబద్ధమే.

నా కోసం ఆ మనిషి తన ఊరిని మా చేతుల్లో పెట్టేసింది. తను ఏం చేస్తోందో కూడా ఆమెకి తెలియదు. నన్ను కాపాడుతున్నాననే అనుకుంటోంది. అది సలహా కాకపోతే బాండ్లు మేమే అమ్ముతాం. ఆ చెవి వంచిన ముసలాయనకి ఆరో ఏడు బిల్లు నేను లెక్కగట్టిన అంకెకే వస్తుంది, ఒక్క సెంటు తేడా లేకుండా. అది సలహా అయితే మాకు ఆ ఊరి దరిదాపులకి వెళ్ళే వీల్లేదు. చట్టం అంత పకడ్బందీగా ఉంది.

"థాంక్యూ నార్మా, ఇక ఉంటాను..." అంటూ యొలాండా మీట మీదికి వేలు పోనిచ్చింది.

"నార్మా గారూ, నేను టెస్‌ని," అన్నాను. "అది సలహానే."

"మిస్ పెట్కస్, మీరు మాట్లాడక్కర్లేదు."

"సలహానే. నేనే ఇచ్చాను. తెలిసే ఇచ్చాను. దాన్ని మీరు వదిలెయ్యకూడదు. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి."

"ఓసి పిచ్చిమొహమా!" అంది నార్మా. "నీ కోసమే కదే నోటికొచ్చిన అబద్ధమల్లా ఆడుతున్నా! మధ్యలో నీకెందుకే?"

"మీ ఊరి బాండ్లు ఇంక మేం అమ్మలేమండీ. అందుకు."

"ఓ," అంది నార్మా, చిన్నగా. యొలాండా మీట నొక్కేసింది. పెన్నుకి మూత పెట్టింది. ఆవిడ మొహంలో కోపం లేదు, ఇంకో పని మీద పడ్డట్టుంది. హెచ్.ఆర్. నుంచి ఎవరో వస్తారు, అంతవరకూ బయట కూర్చోమంది.

లైల్ నాతోపాటు వరండాలోకి వచ్చాడు. నా కోటు తనే తెచ్చిచ్చాడు.

"ఈ లైనులో నీకింక ఎవడూ పనివ్వడు. తెలుసా?" అన్నాడు. "దేశం మొత్తం కలిపినా మనం ఓ పెళ్ళిభోజనం బంతికి మించం. సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది."

"తెలుసు లైల్."

"నీ అంత బాగా ఆ లెక్కలు వేసేవాళ్ళు నాకు దొరకరే," అన్నాడు. ఇంకేం అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఆయన్ని ముంచేశాను. ఆయన నన్ను తిట్టకుండా పోయాడు. అది ఇప్పటికీ నొప్పే.

మెడలో కార్డు తీసి ఇచ్చేసి, లసాల్ వీధిలోకి వచ్చి నిలబడ్డాను. నది మీంచి చలిగాలి కొడుతోంది. ఆఫీసులకి పోయేవాళ్ళు నన్ను తప్పుకుని పోతున్నారు. అద్దె ఎలా కట్టాలి, అమ్మకి ఏం చెప్పాలి, రేపు పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలి? అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. ఫోను మోగింది.

"ఉద్యోగం పోయిందా?" అంది నార్మా.

"పోయిందండీ."

"నా నోరు పడిపోను. నిన్నడక్కుండా ఉండాల్సింది."

"అడగాలి కదండీ. మీరు అడక్కపోతే ఇంకెవరడుగుతారు?"

ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది. బస్సొకటి నా ముందు ఆగి, తలుపు తెరిచి, నేనెక్కనని చూసి వెళ్ళిపోయింది.

"అమ్మాయ్," అంది చివరికి, బెరుగ్గా. "ఇలాంటప్పుడు అడగడం బాగోదు, నాకు తెలుసు. ఆ స్టేట్ వాళ్ళ అప్లికేషన్ ముందు పెట్టుకుని కూర్చున్నా. మొదటి పేజీలోనే ఆగిపోయా. ఇక్కడేదో ప్లాంటు వయసు అని ఉంది. కట్టినప్పటిదా, రిపేరు చేయించినప్పటిదా? ఏం రాయాలి?"

కోటు చేతికి ముక్కు తుడుచుకున్నాను.

"కట్టినప్పటిదే రాయాలండీ," అన్నాను. "తరవాతి గడి చదవండి."